నేను కనిపెట్టిన సూర్యుడి మచ్చ

బతుకుతెరువుకు వచ్చిన ఉధ్నా మిల్లుల పేటలో మా గల్లీ పరువునూ, నా పరువునూ, పైనున్న సూర్యుడి పరువునూ ఒకే ఆదివారం పొద్దున మేడ మీద కలిపి తీసిన ఘనుణ్ణి నేను. తప్పు పూర్తిగా నాదే. కొంచెం భూమేశ్‌ది కూడా. అంత చక్కగా మాట్లాడమని వాడికెవరు చెప్పారు?

రెండేళ్ల కిందటి మాట. నాకు పెళ్లయి ఏడాది కూడా కాలేదు. భూమేశ్ మా పక్క గదిలో ఉండేవాడు, నాలాగే సిరిసిల్ల వైపు నుంచి వచ్చి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. నేను మిల్లులో బట్ట చెకింగ్ మాస్టర్‌ని. తాను మీద ఆవగింజంత మరక ఉన్నా పది అడుగుల దూరం నుంచే పట్టేస్తానని పేరు. గల్లీలో ఎవరికి ఏ సందేహం వచ్చినా నా దగ్గరికే వచ్చేవారు, భూమేశ్ సంతలో ఒక పాత టెలిస్కోపు కొనుక్కొచ్చేదాకా.

ఇక ప్రతి ఆదివారం మేడ మీద జాతరే. టెలిస్కోపు వెనక తెల్లగుడ్డ కట్టేవాడు. దాని మీద పళ్లెమంత సూర్యుడు పడేవాడు, అందులో నువ్వుగింజల్లా మచ్చలు.

"కన్ను పెట్టి చూడొద్దు, గుడ్డోళ్లయితరు. బట్ట మీదనే చూడుండ్రి" అని మొదలుపెట్టేవాడు. "సూర్యునికెళ్లి ఎప్పుడూ గాలి వస్తనే ఉంటది వదినా. మన గాలి అసొంటిది కాదు, కరెంటున్న సన్న సన్న కణాలు. పదకొండేండ్లకోపారి సూర్యునికి జోరెక్కుతది. జోరు తక్కువున్నప్పుడు మచ్చలుండయి, గాలి గూడ పద్ధతిగ ఉంటది. మీది కొస, కింది కొసలకెళ్లి జల్ది గాలి, నడుమలకెళ్లి నిమ్మలం గాలి. జోరెక్కిందా, మచ్చలు నిండుతయి, గాలి ఏడవడితే ఆడికెళ్లి గడబిడగ వస్తది. గిప్పుడు గదే నడుస్తున్నది."

"ఎంత మంచిగ సమజైతట్టు చెప్తడో!" అంది నా భార్య సుజాత.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. మా ఇంట్లో పొరుగింటి సూర్యుడూ రుచే. నేనేం చెప్పినా ఆమె అంతలా నోరు తెరిచింది లేదు, ఆవలింతకు తప్ప.

అసూయ అంటే అసూయే, దానికి ముద్దుపేరు పెట్టను. వారం రోజులు అన్నం తినే వేళ కూడా ఫోన్లో సూర్యుడి వీడియోలే చూశాను. శనివారం భూమేశే వచ్చి, "అన్నా, తెరబట్ట చినిగింది. మీ మిల్లుల తెల్ల ముక్క ఉంటే తేరాదు?" అని అడిగాడు. తెచ్చాను. పొద్దు పొడవకముందే, మసకలోనే, నా చేతులతోనే బిగించి కట్టి, వాడు నోరు తెరిచేలోపే పుల్ల పట్టుకుని ముందు నిలబడ్డాను.

సూర్యుడు గుడ్డ మీద పడ్డాడు. ఒక అంచు దగ్గర రేగుపండంత నల్లటి మచ్చ! నా అదృష్టానికి నాకే కళ్లు తిరిగాయి.

"చూసిండ్రా! గింత పెద్ద మచ్చ భూమేశ్ ఎన్నడన్న సూపెట్టిండా?"

"లేదు మాస్టరూ!" అన్నారు జనం.

"గాలి గిండ్లకెళ్లే బుస్సుమని లేస్తది. మూడు రోజులల్ల భూమికి తాకుతది. ఫోన్లు బందయితయి!"

"అన్నా, జర ఆగు..." అన్నాడు భూమేశ్.

"నువ్వాగు తమ్మీ. నువ్వు చెప్తుంటే మేం ఇన్లేదా?"

కింది గది ఓదేలు అప్పటికే ఊరికి ఫోన్ కలిపాడు. "అవ్వా, మూడొద్దులైనంక ఫోన్ రాదు. పరేషాన్ గాకు. మా మాస్టరు సూర్యుణ్ణి చెక్ చేసిండు."

సుజాత కళ్లింత చేసుకుని నన్నే చూస్తోంది. ఆ చూపు కోసమే కదండీ ఇదంతా. అప్పుడే మెట్లు దిగిపోయి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

భూమి తిరుగుతుంది కాబట్టి, టెలిస్కోపును ఎవరూ జరపకపోతే గుడ్డ మీది సూర్యుడు మెల్లగా పక్కకు పోతాడు. పోయాడు. నువ్వుగింజలన్నీ ఆయనతోపాటే బయలుదేరాయి. నా రేగుపండు మాత్రం కదల్లేదు. చూస్తుండగానే సూర్యుడి అంచు దాటి, తెల్లగుడ్డ మీద ఒంటరిగా మిగిలింది.

"మాస్టరూ, సూర్యుడు పోతున్నడు. మచ్చ గాడనే ఉన్నదేంది?" అన్నాడు ఓదేలు.

"గాలికి... కొట్టుకొచ్చింది" అన్నాను.

భూమేశ్ గుడ్డ దగ్గరికి వచ్చి వాసన చూశాడు. "సాంచ నూనె అన్నా" అన్నాడు, నవ్వకుండా, జాలిగా. వాడు నవ్వినా బాగుండేది.

సుజాత గుడ్డ అంచు తిప్పింది. వెనక పెన్సిలు రాత కనిపిస్తే గట్టిగా చదివింది: "ఆయిల్ డాగు. రిజెక్ట్." నా వైపు తిరిగి, "కింద సంతకం నీదే గదా?" అంది.

గురివింద తన నలుపు తానెరగదంటారు. పాపం, గురివిందకు సంతకం పెట్టే అలవాటు లేదు.

అంతటితో అయిందా? ఆ మచ్చ నిజమైనదైనా నేను చెప్పింది తప్పేనట. "జల్ది గాలి మచ్చలకెళ్లి రాదన్నా. సూర్యుని మీది పొరల గండ్లసొంటి జాగలుంటయి, గాటికెళ్లి వస్తది. అవి మన బట్ట మీద కనవడయి. మచ్చల కాడ ఎప్పుడన్న పేలితే మాత్రం జోరుగ విసురుతది" అని భూమేశ్ మెల్లగా, నా మనసు నొచ్చుకోకుండా చెప్పాడు.

"ఎంత మంచిగ చెప్పినవ్ భూమేశ్!" అంది సుజాత.

సోమవారం నుంచి మిల్లులో ఏ తాను మీద మరక పడినా ఒకటే కేక: "మాస్టరూ, సూర్యుడొచ్చిండు, జల్ది రా!"

అందుకే స్నానం చేసి, తూర్పుకు తిరిగి, సాక్షాత్తూ ఆ సూర్యుడి ఎదుటే ఒట్టు వేశాను. ఈ జన్మలో ఇంకెవరి మీద అసూయ పడినా, ముందు గుడ్డ రెండువైపులా చూసుకుని, ఆ తరువాతే పడతాను.