శాంపిల్‌గారి తల

స్కాన్లు చూసే కంప్యూటర్ ప్రోగ్రాం రాసి డాక్టర్లకు ఊరికే పంచిపెట్టే పరిశోధకులు ఏడాదికోసారి ఒకే హాల్లో చేరి పనిచేస్తారు. వాళ్ళలో ఒకాయన్ని అందరూ శాంపిల్‌గారనే పిలుస్తారు. పదేళ్ళ కిందట, ప్రోగ్రాంని పరీక్షించడానికి స్కాన్ బొమ్మ కావాలంటే రోగుల్ని అడగడమెందుకని తన తలనే స్కాన్ తీయించి ఇచ్చేశాడు. అప్పట్నుంచీ హాల్లో ఏ తెర మీద చూసినా ఆయన బుర్రే గిర్రున తిరుగుతుంటుంది. చూసేవాళ్ళు చూసేది మాత్రం రంగులు సరిగ్గా పడ్డాయా లేదా అనే. ఆయన మెడకు మఫ్లర్ చుట్టుకుని, ప్లగ్గు పక్క కుర్చీ పట్టి, టీ చల్లారబెట్టుకుంటూ అందరి తప్పులూ వెతికి పెడుతుంటాడు.

ఈసారి జబ్బున్న చోట ఎర్రరంగు పూసే టూల్ ఒకటి తనే రాసి, అందరి ముందూ నడిపాడు. అది ఆయన బుర్రలోనే శనగగింజంత ఎరుపు పూసింది. ఆయన మొహాన నెత్తురుచుక్క లేదు. భోజనం మానేసి, తను రాసిన కోడంతా జల్లెడ పట్టాడు. తప్పు దొరకలేదు. చివరికి పక్క బల్ల దగ్గరి డాక్టరమ్మ వంగి చూసింది.

"ఇలాంటివి కొందరికి పుట్టుకతోనే ఉంటాయండీ. పదేళ్ళు గడిచాయిగా, భయం లేదు. అయినా ఓసారి చూపించుకోండి."

"అంటే, మచ్చ నిజంగానే ఉందంటారా?"

"ఉందండీ."

ఆయన చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి, భార్యకు ఫోన్ చేశాడు.

"గండం గడిచిందే! తేడా నా తలలోనేనట. ప్రోగ్రాం బాగానే ఉంది."