నీడలో ఊదా రంగు

నలభై ఏళ్లుగా ఒక సెలయేటిని మోస్తున్నాను. నిజం సెలయేరు కాదు, బట్ట మీద వేసింది. దాన్ని పాడుచేసింది నేను. ఇంట్లో వాళ్లకి కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైల్లో నూజివీడులో బోర్డులు రాసేవాణ్ణి. మామిడికాయల కమీషన్ కొట్ల బోర్డులన్నీ నావే. వీరాస్వామిది రెడ్డిగూడెం. సీజన్లో తోటల్లో కాయలు కోసేవాడు, మిగతా రోజుల్లో నా దగ్గర బోర్డులకు తెల్లరంగు పూసేవాడు. ఒకసారి ఫొటో స్టూడియో వాళ్లు వెనక కట్టుకునే తెర కావాలన్నారు. నాకు తీరిక లేక అతనికిచ్చాను. రెండు హంసలు వేసి నవ్వులపాలవుతాడనుకున్నాను.

పొడి రంగుల్లో జిగురు కలుపుకుని పది రోజులు వేశాడు. చూసి నిలబడిపోయాను. అడవిలో ఆకుల సందుల్లోంచి ఎండ నీళ్ల మీద పడుతోంది. రాళ్ల దగ్గర నీళ్లు తేనె రంగు, కాస్త లోతుకు పచ్చన, ఇంకా లోపల ఏ రంగో నాకు పేరు తెలియదు. నీడంటే నాకు నలుపే. అక్కడ నలుపు చుక్క కూడా లేదు.

“నీడలో ఊదా వేశావేంటి?” అన్నాను.

“ఉంటుందండీ. చెట్టెక్కి కిందకి చూస్తే కనబడుద్ది. మీరెప్పుడూ చూళ్లేదా?”

ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. మర్నాడు తోటకెళ్లి చెట్టెక్కాను. ఉంది. ఆ తోటల మధ్యే పుట్టి పెరిగిన నాకు అన్నేళ్లూ కనిపించని రంగు, కింద నేలంతా పరుచుకుని ఉంది. అతనికి దణ్ణం పెట్టాలనిపించింది. మరి కడుపెందుకు మండింది? దణ్ణం పెట్టాలనిపించినందుకేనా?

ఆదివారం అతను రాడు. ఆ రోజు తెర మీద పలచగా వార్నిష్ పూశాను. బోర్డుకైతే అది మంచిదే. స్టూడియో తెరకు పూస్తే లైట్ల కింద మెరిసి బొమ్మ కనబడదు. తెలిసే పూశాను.

స్టూడియోలో లైట్లు వేశారు. సెలయేరు నిండా తెల్లటి మరకలు. తెర వద్దన్నారు. వీరాస్వామి దాన్ని వేలితో తడిమి, “జిగురెక్కువై మెరుస్తున్నట్టుందండీ, నాదే తప్పు” అన్నాడు. నేను అవునన్నాను.

అతను మళ్లీ కుంచె పట్టలేదు. కాయల కోతకే పోయేవాడు. నిరుడు చనిపోయాడు. బజార్లో ఎదురుపడ్డప్పుడల్లా నమస్కారం పెట్టేవాడు, నేనూ పెట్టేవాణ్ణి. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. క్షమించమని ఇప్పుడెవర్ని అడగను?

అతను జిగురు సరిగ్గానే కలిపాడు. ఈ ఒక్క మాట ఇన్నాళ్లకు ఒకరితో అన్నాను.