మనోధైర్యానికి ఎన్ని మార్కులు

సైన్యానికి ఏం కొనాలో తేల్చే ఒక కమిటీ దగ్గర, ఢిల్లీలో నా ఉద్యోగం. ధరలు చూసేవాళ్లు వేరే ఉంటారు. డబ్బులో చెప్పలేని లాభాలకు, అంటే ప్రాణరక్షణకు, మనోధైర్యానికి మార్కులు వేయడం నా పని. అప్పుడు మా ముందున్నవి రెండు ప్రతిపాదనలు. ఒకటి సరిహద్దు పోస్టులకు నిఘా కెమెరాలు. రెండోది అక్కడి జవాన్లు ఇంటికి మాట్లాడుకోవడానికి శాటిలైట్ ఫోన్లు.

అంతలో సరిహద్దులో కాల్పులు మొదలయ్యాయి. మా చెల్లెలి భర్త అక్కడే ఒక పోస్టులో ఉన్నాడు. గిద్దలూరులో చెల్లెలు ఒక్కతే ఉందని సెలవు పెట్టి వచ్చాను.

వచ్చేసరికి తను ఫోన్ ఒళ్లో పెట్టుకుని టీవీ ముందు కూర్చుని ఉంది. పక్కింట్లో బట్టలు కుట్టే సాయిబుల పిన్నమ్మ వచ్చి టీవీ కట్టేసింది.

"వాళ్ల అరుపులు వింటే ఏమొస్తది తల్లీ, రోంత అన్నం తిను" అంది.

మధ్యాహ్నం వాకిట్లో జీపు ఆగింది. చెల్లెలు ద్వారబంధం పట్టుకుని అట్లాగే కింద కూలబడింది.

"అక్కా, నువ్వు పోయి చూడు. నాకు కాళ్లు రావడంల్యా."

గడప దాటుతుంటే, ఏ మాట వినాల్సి వస్తుందోనని వెనక్కి పరుగెత్తాలనిపించింది. జీపులో వాళ్లు కంభం రోడ్డు ఎటని అడిగారు. చెయ్యి చూపించాను.

లోపలికొచ్చి "దారి అడిగినారమ్మా, అంతే" అన్నా, చెవులు మూసుకున్న చేతులు తను తియ్యలేదు.

మర్నాడు సాయంత్రం ఎవరిదో ఫోన్ నుంచి మరిది మాట్లాడాడు.

"బాగుండా. మీరెట్ల ఉండారో తెలీక ఈడ పని మీద మనసు నిలవడంల్యా."

అంతలోనే లైను కట్టయింది.

ఢిల్లీ వెళ్లాక ఈ సంగతి కమిటీలో చెప్పాను.

"ఇది మీ ఇంటి విషయం కదా?" అన్నారు అధ్యక్షులు.

"అవునండీ. అందుకే ఫోన్లకు నేను మార్కులు వేయను. పోస్టుల్లో ఉండి వచ్చినవాళ్లను అడగండి."

అడిగారు. కెమెరాలకే మొదటి స్థానం దక్కింది, కొన్ని పోస్టులకు మాత్రం ఫోన్లు మంజూరయ్యాయి. ఏ పోస్టులకో మాకు చెప్పరు.

చెల్లెలికి ఫోన్ చేసి అదే చెప్పాను.

"అయితే ఆయనుండే తావుకు వచ్చినాయనే అనుకోవాల్నా అక్కా?"

"నాకూ తెలీదమ్మా. రోంత అన్నం తిన్నావా?" అన్నాను.