బోల్టు లావుకు ఎనిమిది మరలు

2019 జూన్‌లో నన్ను గేజ్ రూమ్‌కు మార్చారు. రిటైర్మెంట్‌కు ముందు అదే నా చివరి పోస్టింగ్. భిలాయిలో యంత్రాల విడిభాగాలు చేసే ఒక ప్రైవేటు వర్క్‌షాపు మాది. నా హోదా సీనియర్ ఇన్‌స్పెక్టర్. కొలత పరికరాలను సరిచూడడం, ట్యాపులను నా సంతకంతో బయటికి ఇవ్వడం నా పని. ట్యాపు అంటే రంధ్రం లోపల మర కోసే ఉక్కు పనిముట్టు. తప్పు సైజుది దిగితే పాత మర చెడిపోతుంది. అందుకే దానికి సంతకం కావాలి.

ఆ సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ఫిట్టర్ సింహాచలం పాంచ్ సూత్ ట్యాపు కావాలని చీటీ తెచ్చాడు. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఐదు సూత్‌లంటే పదహారు మిల్లీమీటర్లకు వెంట్రుకవాసి తక్కువ. కంటికి రెండూ ఒకటే, మర మాత్రం వేరు.

సింహాచలం కాంట్రాక్టు మనిషి. ఊళ్లోనే ఖుర్సీపార్ బస్తీలో ఉండేవాడు. అంతకు ముందు నెలలో ఒక లేతు మెషీన్‌లో రంధ్రం అతని చేతిలో చెడింది. ఇంకొకటి చెడితే గేట్ పాస్ రెన్యువల్ ఉండదని కాంట్రాక్టర్ అందరి ముందూ చెప్పాడు. గేట్ పాస్ లేకపోతే పని లేదు. ఇప్పుడు చీటీ మీద ఉన్నది అతని పేరే, ట్యాపు తిప్పబోయేదీ అతనే.

ఏ రంధ్రానికని అడిగాను.

"క్రేన్ మీదదమ్మా. చక్రం ఇరుసుని పట్టుకునే పలక ఉంటాది కదా, దాని బోల్టు తల అరిగిపోనాది. విప్పి, స్కేలు పక్కనెట్టి ఫోన్లో ఫోటో తీసినాను. ఫోర్‌మన్ బాబు చూసి పాంచ్ సూత్ అన్నారు. కొత్తది ఎక్కిస్తంటే మూడో చుట్టుకే బిగిసిపోతంది. తుప్పుంది, ట్యాపు తిప్పేయమన్నారు."

పాత బోల్టు ఏదని అడిగితే, పైనుంచి జారి కింద తుక్కు తొట్టెలో పడిందని, ఆ తొట్టె అప్పటికే వెళ్లిపోయిందని చెప్పాడు. పలకకు రెండో బోల్టు ఉంది కానీ, అదీ విప్పితే ఇరుసు కదులుతుంది. అంటే మా దగ్గర మిగిలిన ఆధారం ఆ ఫోటో ఒక్కటే.

సంతకం ఆలస్యమైందని ఫోర్‌మన్ అప్పారావు తనే వచ్చాడు. విజయనగరం మనిషి, నన్ను అక్కా అని పిలిచేవాడు.

"ఏటక్కా, సాయంత్రం లోపల క్రేన్ నడవాల. లెక్క నేను సరిగ్గానే చేశాను. పలక రంధ్రం పదిహేడు ఎమ్మెమ్, మర దాని వెనకుంది. అందులో పట్టేది సోలా ఎమ్మెమ్, అదే పదహారు, అయినా కావాల, పాంచ్ సూత్ అయినా కావాల. ఫోటోలో పది మరలు లెక్కెట్టాను. స్కేలు మీద ఇరవై రెండున్నర వచ్చింది. సోలాకి ఇరవై రావాల, పాంచ్ సూత్‌కి ఇరవై మూడు. ఏది దగ్గర?"

లెక్కలో తప్పు లేదు. ఫోటోను కంప్యూటర్‌లో పెద్దది చేసి, అదే స్కేలుతో బోల్టు లావు కూడా చూడమన్నాను. పద్దెనిమిది వచ్చింది.

"పద్దెనిమిది బోల్టు పదిహేడు రంధ్రంలో ఇన్నాళ్లూ ఎలా ఉందంటావు?"

"ఫోటో కదక్కా, కొంచెం అటూ ఇటూ ఉంటాది."

"అయితే నీ ఇరవై రెండున్నర కూడా అటూ ఇటే."

అప్పారావు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. స్కేలును నమ్మడానికి లేదు. కానీ బోల్టు లావు, దాని మర రెండూ ఒకే వస్తువు మీద ఉన్నాయి. ఫోటో వాటిని పెంచినా తగ్గించినా సమానంగానే మారుస్తుంది. ఒక కాగితం ముక్కను తెర మీద ఆనించి బోల్టు లావుకు రెండు గుర్తులు పెట్టాను. ఆ కాగితాన్ని మరల వెంట నిలువుగా పెట్టి లెక్కపెట్టాను. రెండు గుర్తుల మధ్య ఎనిమిది మరలు వచ్చాయి. పదహారు మిల్లీమీటర్ల బోల్టుకు మర మరకూ రెండు మిల్లీమీటర్ల దూరం, అంటే దాని లావులో సరిగ్గా ఎనిమిది. పాంచ్ సూత్‌కు ఏడు కూడా నిండవు. అప్పారావు తనూ లెక్కపెట్టాడు. అతనికీ ఎనిమిదే వచ్చాయి.

చీటీ సంతకం లేకుండా తిరిగి ఇచ్చాను. స్టోర్స్ నుంచి పదహారు బోల్టు తెప్పించి, స్పానర్ ముట్టకుండా చేత్తోనే తిప్పమన్నాను. నేను, అప్పారావు కింద నిలబడ్డాం. కాసేపటికి పైనుంచి మాట వినిపించింది.

"చివరాకరికి దిగిపోనాదమ్మా. చేత్తోనే."

"నీ పాస్ బతికింది పో. ఇకనైనా సామాను కింద పారీకు," అన్నాడు అప్పారావు.

"పారీలేదు బాబూ, జారిపోనాది. నూనె డబ్బా మీరే కదా చేతిలో ఎట్టినారు."

మర్నాడు స్కేలు ఎందుకు అలా చూపిందో తేల్చుకున్నాను. సింహాచలం మరలు పెద్దగా కనబడాలని ఫోన్‌ను బోల్టుకు నాలుగు వేళ్ల ఎత్తున పట్టి తీశాడు. బోల్టునూ స్కేలునూ పలక మీదే పడుకోబెట్టాడు కాబట్టి స్కేలు పలకకు అంటుకుని ఉంది. బోల్టు గుండ్రం కాబట్టి ఫోటోలో కనిపించే దాని అంచు పలకకు ఎనిమిది మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. కెమెరాకు దగ్గరగా ఉన్నది పెద్దగా పడుతుంది. అంత దగ్గర నుంచి తీస్తే ఆ చిన్న తేడాకే ఇరవై కాస్తా ఇరవై రెండు దాటుతుంది. స్టోర్స్‌లోని ఇంకో పదహారు బోల్టు తీసుకుని, స్కేలు కింద చెక్క ముక్కలు పెట్టి బోల్టు నడిమి ఎత్తుకు లేపి, ఫోన్‌ను మూరెడు దూరంలో పట్టి, జూమ్ చేసి తీస్తే ఇరవై వచ్చింది. అప్పారావు ఆ రెండు ఫోటోలనూ ప్రింటు తీయించి టూల్ బోర్డుకు అంటించాడు. కింద ఎవరి పేరూ రాయలేదు.

నెలాఖరున సింహాచలం గేట్ పాస్ రెన్యువల్ అయింది. ఆ ట్యాపు సంగతి కాంట్రాక్టర్ దాకా వెళ్లలేదు, వెళ్లాల్సిన అవసరమూ రాలేదు.

ఫోటోలోని స్కేలు దాన్ని ఎక్కడ పెట్టారో అక్కడికే నిజం చెబుతుంది. పక్కన ఉన్న వస్తువుకు అది వర్తిస్తుందా లేదా అన్నది వేరే లెక్క. సింహాచలం ఇప్పటికీ అప్పుడప్పుడు నా ఫోన్‌కు బోల్టుల ఫోటోలు పంపుతాడు. అన్నిటిలోనూ స్కేలు చెక్క ముక్కల మీదే ఉంటుంది. అయినా నేను స్కేలును చివర చూస్తాను. ముందు బోల్టు లావుకు ఎన్ని మరలో లెక్కపెడతాను.