చిన్నాన్న దాచిన జ్వరం

మా తాతయ్య ఒక మనిషిని నెత్తురొచ్చేలా కొట్టడం నా చిన్నప్పుడు ఒక్కసారే చూశాను. కొట్టింది కన్నకొడుకుని, మా చిన్నాన్నని.

అప్పుడు మద్రాసు పెరంబూరులో, నాన్నకిచ్చిన రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్లం. తాతయ్య సైన్యంలో కొత్త రిక్రూట్లకు కవాతు నేర్పి రిటైరైన హవల్దారు. చిన్నాన్న కూడా సైన్యంలో చేరి, ఊరి చివర క్యాంపులో శిక్షణలో ఉన్నాడు. ఆ ఆదివారం సెలవు మీద ఇంటికొచ్చి, ఒళ్లు కాలిపోతున్నా నవ్వుతూ తిరిగాడు. శిక్షణ ముగియడానికి పది రోజులే ఉంది. ఆస్పత్రిలో చేరితే వెనక బ్యాచ్‌లోకి తోసేస్తారు. అందుకే వాళ్లంతా పడుకునే బ్యారక్‌లో ఎవరూ జ్వరాన్ని బయటపెట్టరట. "ఎవురికీ చెప్పబాక పాపా" అని నా చేత మాత్రలు తెప్పించుకున్నాడు. నన్ను నమ్మాడు కదా అని పొంగిపోయాను.

మధ్యాహ్నం బూట్లు తొడుక్కోబోతే మెడ వంగలేదు. తాతయ్య అది చూసి చొక్కా పట్టి చింపేశాడు. పొట్ట మీద నేరేడుపండు రంగు మచ్చలు. గాజుగ్లాసుతో అదిమి చూశాడు, మామూలు దద్దుర్లలా ఆ మచ్చలు మాయమవలేదు. చిన్నాన్న ఆయన్ని తోసేసి గుమ్మం వైపు నడిచాడు. తాతయ్య చిన్నాన్న మొహం మీద గుద్దాడు. పెదవి చిట్లింది. చిన్నాన్న తిరగబడి తండ్రి డొక్కలో తన్నాడు. ఆఖరికి నాన్న, తాతయ్య కలిసి చేతులు విరిచి కట్టి, మెట్ల మీంచి ఈడ్చుకెళ్లి ఆటోలో పడేశారు. చంపేస్తున్నారనుకుని నేను ఏడుస్తూ ఆటో ఎక్కి వాళ్ల కాళ్ల దగ్గర కూర్చున్నాను.

మెనింజైటిస్, మెదడు పొరలకు సోకే జ్వరం అన్నారు డాక్టర్లు. పక్కపక్క మంచాల్లో పడుకునేవాళ్లకు ఊపిరి ద్వారా పాకుతుందని చెప్పి మా ఇంటిల్లిపాదికీ మందులిచ్చారు. ఆస్పత్రి వరండాలో తాతయ్యకు మాత్రల సంగతి చెప్పేశాను. నన్నూ కొడతాడనుకున్నాను. ఆయన వాచిన తన చెయ్యి చూసుకుంటూ కూర్చున్నాడు. ఒకప్పుడు ఒక రిక్రూటు తలనొప్పంటే, దొంగవేషాలనుకుని చెంప పగలగొట్టి మైదానం చుట్టూ పరుగెత్తించాడట. తెల్లారేసరికి ఒళ్లంతా ఇవే మచ్చలతో అతను పోయాడట.

"నొప్పని చెప్పినోణ్ణి ఆడ కొట్టినా. చెప్పనోణ్ణి ఈడ కొట్టినా," అన్నాడు తాతయ్య. "అట్టాంటి దెబ్బలకి బెదిరే, వీళ్లంతా దాచుకుంటా ఉండారు."

చిన్నాన్న బతికాడు. నెత్తురాడక నల్లబడ్డ ఎడమకాలి వేళ్లు తీసేశారు, సైన్యం ఆశ అక్కడితో సరి. తాతయ్య క్యాంపుకు కబురు చేసేసరికి బ్యారక్‌లో చిన్నాన్న పక్క మంచం అబ్బాయి మైదానంలోనే కూలిపోయి ఉన్నాడు. అతను దక్కలేదు.

నేను పొద్దున్నే నోరు విప్పి ఉంటే ఆ అబ్బాయి బతికేవాడేమో. ఇప్పటికీ మా ఇంటి పిల్లలు ఎవరికీ చెప్పొద్దంటూ దగ్గరికొస్తే నేను మాటివ్వను. ముందు నుదుటి మీద చెయ్యి వేసి చూస్తాను.