రెండు వేళ్ల సందు

గుర్రం సారు పోయారని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. దేవుడి ముందు దీపం పెడుతున్నదాన్ని అట్లాగే నిలబడిపోయాను. పదో తరగతి చదివే మా పాప పుస్తకంలోంచి తలెత్తింది. "ఎవురు? జీను పట్టీ బిగించని సారా?" అంది. ఆ మాటకు జవాబు మూడేళ్లుగా నా దగ్గరే ఉంది.

మదనపల్లెలో, కురబలకోట దారి పక్కన, ఆయన ఒక తెల్లగుర్రంతో పిల్లలకు స్వారీ నేర్పేవారు. నేను పిట్టగోడ మీద కూర్చుని స్తోత్రం చదువుకునేదాన్ని. "పాప పడితే ఎట్ల సారూ?" అంటే, "పాపను నేను సూసుకుంటా. గోడ మీద నుంచి మీరు పడకుండా ఉండండమ్మా" అని నవ్వేవారు. పిల్లలు ఎక్కే ముందు, జీనును గుర్రం పొట్ట కింద బిగించే తోలుపట్టీలో రెండు వేళ్లు దూర్చి చూసేవారు. ఒకసారి కాదు, మూడుసార్లు.

"రెండు దూరాల పాపా. దూరకుంటే దానికి నొప్పి. మూడు దూరితే నీకు నొప్పి."

కొత్తగా నేర్చుకునే పిల్లలకు కుప్పంలో పోటీ పెట్టారు. గుర్రాన్ని నడిపించి, నాలుగు గుంజల చుట్టూ తిప్పి, ఆపాలి. అంతే. పోయే దారిలో పుంగనూరులో ఆగి, గంగమ్మకు మొక్కి, ఒక నిమ్మకాయ తెచ్చుకున్నాను. మా ఇంట్లో ఏ కొత్త బండి అయినా చక్రం కింద నిమ్మకాయ నలగందే కదలదు. గుర్రానికి మాత్రం ఎందుకు వద్దు అనుకున్నాను. పాప పేరు పిలవగానే, ఎవరూ చూడకుండా, గుర్రం కాళ్ల ముందుకు దొర్లించాను. అది బెదిరి పక్కకు దూకింది. పాప కింద పడింది. మణికట్టు విరిగింది.

నిమ్మకాయ సంగతి తెలియని మా ఆయన సారు చొక్కా పట్టుకున్నారు. "పట్టీ బిగించకుండానే బిడ్డను ఎక్కిస్తావా?"

సారు కాలి దగ్గరే నిమ్మకాయ ఉంది. ఒక్కసారి నా వైపు చూశారు. వంగి దాన్ని తీసి జేబులో వేసుకున్నారు. "నాదే తప్పప్పా. బిగించలా" అన్నారు.

ఆసుపత్రి వరండాలో, "చెప్పేస్తాను సారూ" అని ఏడ్చాను.

"వద్దమ్మా. పాప మీ చేతి అన్నం తినాల్సిన బిడ్డ. నా దగ్గర నేర్చుకోకున్నా జరుగుతాది."

నేను ఆ మాట చాటున దాక్కున్నాను. ఒక్కొక్కరే పిల్లల్ని మాన్పించారు. ఆయన గుర్రాన్ని పెళ్లి ఊరేగింపులకు తిప్పుకుంటూ బతికారు. దారిలో కనిపిస్తే, "పాప చెయ్యి బాగుండాదా అమ్మా?" అని మాత్రం అడిగేవారు. ప్రతి శుక్రవారం ఆయన పేరున దీపం పెట్టాను కానీ, నోరు విప్పలేదు.

మొన్న విప్పాను. మా ఆయన ఎదుటే పాపకు అంతా చెప్పాను. అప్పుడు పిల్లల్ని మాన్పించిన తల్లిదండ్రులకూ తెలియాలని ఇది రాస్తున్నాను. ఆయన పట్టీ బిగించకుండా ఏ బిడ్డనూ ఎక్కించలేదు.

మేము పోయేసరికి గుర్రానికి జీను వేసి పాడె ముందు నిలబెట్టారు. పాప నా చెయ్యి వదిలి దాని దగ్గరికి పోయింది. పొట్ట కింద పట్టీని ఒక రంధ్రం మేర లాగి బిగించింది. రెండు వేళ్లు దూర్చి చూసింది. మళ్లీ చూసింది. మూడోసారి చూశాక నా వైపు తిరుగుతుందేమోనని ఎదురుచూశాను. పాప కళ్లెం పట్టుకుని ముందుకు నడిచింది.