పరాసు గడ్డపై మా గేదె పురుడు

నేను విదేశయాత్ర చేస్తానని కలలో కూడా అనుకోలేదు. మా ఎదుర్లంక రేవులో నిలబడితే గౌతమికి ఆవల పరాసువారి, అంటే ఫ్రెంచివారి, యానాం కనిపిస్తూనే ఉంటుంది. అయినా అది పరదేశమే. ఆ సంగతి తెలియని మా చూడి గేదె ఈదుకుంటూ వెళ్ళి అక్కడ తేలింది. దాన్ని బందెలదొడ్డిలో పెట్టారని కబురొచ్చింది.

ఇంట్లో పాడికి ఆశ అదొక్కటే. “నేడో రేపో ఈనుద్ది. గేదె లేకుండా గుమ్మం ఎక్కకండి,” అంది మా ఆవిడ.

తెల్లవారుతూనే పడవెక్కాను. ఏరు దాటించే కేవు ఒక అణా. వెళ్ళేవారు పెరుగన్నం మూట మరిచిపోవద్దు. అక్కడ కచేరీ ఎనిమిదింటికి తెరుస్తారు, మనుషులు పదింటికి వస్తారు.

గుమాస్తా మనవాడే. పరాసు భాషలో రాస్తూ తెలుగులో అడిగాడు.

“పేరు?”

చెప్పాను.

“మీది కాదండి. దేశంలోకి వచ్చింది గేదె కదా.”

దానికి పేరు లేదు. అప్పటికప్పుడు లక్ష్మి అన్నాను. తండ్రి పేరు తెలియదన్నాను.

“వచ్చిన పని?”

“మేతకండి.”

ఇక దొరగారి ముద్ర పడాలి. దొరగారు భోంచేసి పడుకున్నారు. ఆయన లేచేలోగా మా లక్ష్మి దొడ్డిలోనే పెయ్యదూడను ఈనేసింది.

“గేదెను తోలుకెళ్ళండి. దూడ ఇక్కడ పుట్టింది కాబట్టి పరాసువారి ప్రజ. కదలడానికి వీల్లేదండి,” అన్నాడు గుమాస్తా.

దూడ లేనిదే గేదె చేపదు. చేపకపోతే పాలు లేవు, పాలు లేకపోతే నాకు ఇల్లు లేదు. ఆ పూట సత్రం అరుగే గతి అయింది. దోమలు మాత్రం ఏ కాగితమూ అడగలేదు.

మర్నాడు లక్ష్మి ముర్రుపాలు పిండి, సత్రం వంటావిడ చేత జున్ను వండించి గుమాస్తాకు పట్టుకెళ్ళాను. సగం తిన్నాక అతనికి బుర్ర పనిచేసింది.

“తొలి ఈతాండి?”

“అవునండి.”

“తొలి పురుడు ఎక్కడ పోసుకుంటారు?”

“పుట్టింట్లోనండి.”

“తర్వాత బిడ్డ ఎవరింటికెళ్ళాలి?”

“తండ్రి ఇంటికి.”

“మరి తండ్రి?”

“మా ఊరి దున్నపోతండి.”

ఇంకేముంది, బందెలదొడ్డిని మా లక్ష్మి పుట్టిల్లుగా రాసేశాడు. లక్ష్మి కాగితంలో ఖాళీగా ఉన్న తండ్రి పేరు దగ్గర దొరగారి హోదా వేశాడు. దొరగారు చదవకుండానే ముద్ర గుద్దారు. ఆడపిల్లను ఉత్త చేతులతో పంపకూడదని గుమాస్తా ఒక గడ్డిమోపు, పసుపుకొమ్ము ఇప్పించాడు.

బల్లకట్టు మీద దూడను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గేదె దాని వీపు నాకుతుంటే సంతోషంతో నా కళ్ళు చెమర్చాయి. చేపల గంపతో ఉన్న ఒక ముసలమ్మ పసుపుకొమ్ము చూసి, “పురుటి నుంచి తీసుకెళ్తన్నారాండి?” అంది. అవునన్నాను. పరాయి కచేరీలో ఉన్నదున్నట్టు చెబితే పని ఆగిపోతుంది, వావివరస చెబితే సాగిపోతుందని నాకు అర్థమైంది.

మా ఆవిడ వీధిలోనే ఎదురొచ్చింది. దూడను నిమిరింది, గేదె పొదుగు చూసింది, నేను జరిగినదంతా చెబితే విన్నది. తర్వాత గడ్డిమోపు వైపు చూసింది.

“తొలి పురుటికి సారె ఇంతేనా? దొరలై ఉండి ఇవేం పెట్టుపోతలండీ? వెళ్ళి అడిగి రండి.”

నేనింకా గుమ్మం ఎక్కనేలేదు.